పందిరి కొమ్మలు ఎవరు తేవాలి

నేను ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళు చేశాను. నాది ఒక్కటే, అది మా మామ చేశాడు. మిగతావన్నీ ఊళ్ళోవాళ్ళవి. మొదట జగిత్యాలలో ఒక టెంట్ హౌస్‌లో పనికి కుదిరాను. తర్వాత కోరుట్లలో సొంత దుకాణం పెట్టాను. చివరి పది పన్నెండేళ్ళు పందిరి నుంచి పప్పుచారు దాకా పెళ్ళి మొత్తం ఒప్పుకుని చేసేవాణ్ణి. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు దీన్ని ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. అననీ. పేరు మారినంత మాత్రాన వైశాఖంలో ఎండ తగ్గదు, వియ్యపురాలి మూతి విరుపూ తగ్గదు.

ఈ మధ్య సిరిసిల్ల నుంచి ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొత్తగా ఈ పని మొదలుపెట్టిందట. "సార్, అందరు ఎండకాలంల ఇంటి కాడనే పెండ్లి కావాలంటున్నరు. ఆరుబయట, మనోళ్ళ వరకే, ఉరుకులు పరుగులు లేకుంట కావాల్నట. గసొంటి పెండ్లి ఎట్ల ప్లాన్ చెయ్యాలె?" అని అడిగింది. నాకు తెలిసిందంతా చెప్పి పంపాను అనుకున్నాను. ఆమె వెళ్ళాక లెక్క చూసుకుంటే చెప్పింది సగమే. మిగతా సగం నా తప్పు గురించి. అది నోటితో చెప్పడానికి సిగ్గేసింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఎండ సంగతి

ఎండాకాలం పెళ్ళికి అందరికన్నా ముందు వచ్చే చుట్టం ఎండ. పిలవకపోయినా వస్తుంది, భోజనాలయ్యాక కూడా కదలదు. కాబట్టి స్థలం చూడడానికి పొద్దున పోకండి. పొద్దున ఏ జాగా అయినా బాగానే కనబడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పోయి చెప్పులు విడిచి నిలబడండి. మీ అరికాళ్ళు చెప్పినంత వివరంగా ఆ ఇంటివాళ్ళు కూడా చెప్పలేరు.

ముహూర్తం పదకొండు లోపల ఉండేటట్టు అయ్యగారితో ముందే మాట్లాడుకోవాలి. రెండు ముహూర్తాలు ఉన్నప్పుడు పొద్దుటిది ఇవ్వమంటే ఏ అయ్యగారూ కాదనడు. హోమం ముందు కూర్చునేది ఆయనే. పొయ్యిలు పందిరికి గాలి వచ్చే దిక్కున పెట్టకూడదు. పెడితే పెళ్ళికూతురి కళ్ళలో నీళ్ళు అప్పగింతల దాకా ఆగవు. ఆరుబయట కూలర్లు పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. దాని ముందు కూర్చున్న నలుగురికి జలుబు, మిగతావాళ్ళకు చప్పుడు. ఆ చప్పుడులో మంత్రాలు వినబడవు. అంతకన్నా ముఖ్యం, ముసలివాళ్ళ ముచ్చట్లు ఒకరివి ఒకరికి వినబడవు. వాళ్ళు వచ్చేదే దానికోసం.

ఫ్రిజ్ బాటిళ్ళు ఎన్ని తెచ్చినా పదింటికల్లా వేడెక్కుతాయి. తడిగుడ్డ చుట్టిన మట్టి రంజన్లు నాలుగు పెట్టండి. మజ్జిగ పెళ్ళయ్యాక పంచితే లాభం లేదు, బస్సు దిగి వచ్చినవాళ్ళకు వచ్చీరాగానే ఇవ్వాలి. ముసలివాళ్ళ కుర్చీలు ఇంటి గోడ నీడకు వేయాలి, స్టేజీ ముందు కాదు. పాలతో చేసిన మిఠాయి జోలికి పోకండి. ఇంతకు మించి ఎండ గురించి పెద్ద రహస్యాలేమీ లేవు. ఎవరైనా ఉన్నాయంటే వాళ్ళు మీకు ఏదో అమ్మాలని చూస్తున్నారని అర్థం.

సేటు

నాకు పని నేర్పినాయన్ని జగిత్యాలలో అందరూ సేటు అనేవారు. నేనూ అదే అంటాను. మహా కోపిష్టి. కుర్చీ ఒకటి విరిగితే దాని తాత ముత్తాతల దాకా తిట్టేవాడు. కుర్చీకి తాతలేమిటి అని అడిగే ధైర్యం మాకెవరికీ ఉండేది కాదు.

ఒకసారి బుగ్గారంలో సాయంత్రం పెళ్ళికి షామియానా వేశాను. గాలి లేదు, ఆకు కదలడం లేదు. మేకులు కొట్టే ఓపిక లేక ఒక పక్క తాళ్ళన్నీ కుర్చీల కాళ్ళకు కట్టేశాను. బువ్వలు మొదలైన వేళకు గాలిదుమారం లేచింది. షామియానా లేచింది, దానివెంట కుర్చీలు ఈడ్చుకుపోయాయి. వాటిలో ఒకదాని మీద పెళ్ళికొడుకు మేనత్త కూర్చుని ఉంది. ఆమెకు దెబ్బ తగల్లేదు. కానీ ఆమె నన్ను తిట్టిన తిట్లకు సేటు కూడా చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు, ఏదో నేర్చుకుంటున్నట్టు.

మర్నాడు ఆయన తిట్టలేదు. "సత్తయ్యా, గుడ్డ ఎగిరితె మల్ల కడ్తం. ఇంటోళ్ళ మనసు ఇరిగితె మన దగ్గర గంత తాడు లేదు. పెండ్లి వాళ్ళది. మనం కిరాయికి అచ్చినోళ్ళం. గది యాది పెట్టుకో," అన్నాడు.

సేటు చెప్పినవన్నీ నేను పాటించలేదు. పనివాళ్ళకు చుట్టాలందరూ తిన్నాకే అన్నం పెట్టాలనేవాడు. అది తప్పు. ఖాళీ కడుపుతో గుంజ పాతినవాడు వంకరగానే పాతుతాడు. నేను సొంతంగా మొదలుపెట్టిన రోజునుంచి మా వాళ్ళకు ముందే పెట్టించాను. కానీ కిరాయికి వచ్చినవాళ్ళం అన్న మాట మాత్రం నిజం. ఇరవై ఏళ్ళకు పైగా అది గుర్తుంచుకున్నాను. పేరు వచ్చాక మరిచిపోయాను. మరిచిపోయిన చోటు మేడిపల్లి.

నవ్య అడిగింది

నవ్య జగిత్యాలలో ఒక ల్యాబ్‌లో పనిచేసేది. రక్తపరీక్షలు చేసే చేయి కనుక మాటలో కూడా తొట్రుపాటు లేదు. ఒక్కతే నా దుకాణానికి వచ్చింది.

"ఫంక్షన్ హాల్ అద్దు సార్. మేడిపల్లిల మా ఇంటి ముంగటనే కావాలె. మావోళ్ళు, పిలగానోళ్ళు కలిసి రెండు నూర్లు దాటద్దు. పొద్దుగాల పెండ్లి అయిపోవాలె, పగటీలి తిండి తిని అందరు చల్లగ ముచ్చట పెట్టుకుంట కూసోవాలె."

"మంచిగున్నది బిడ్డా. ఇంకేం గావాలె?"

"మా బాపు కూసోవాలె."

అర్థం కాలేదన్నట్టు చూశాను.

"మా అక్క పెండ్లికి బాపు లేడు సార్. ఛుట్టీ దొర్కలే. తాళి కట్టేది ఫోన్ల చూసిండు, గది గూడ నడుమల కట్ అయింది. ఈసారి నా కోసమని నలభై దినాల ఛుట్టీ మీద అస్తున్నడు. అచ్చినప్పుడల్ల ఏదో ఒక పని పట్టుకుంటడు. గోడకు సున్నం ఏస్తడు, నల్లా బాగు చేస్తడు. ఒక్కతాన కూసోడు. నా పెండ్లి నాడన్న కుర్చీల కూసోని నన్ను మంచిగ సూడాలె. గంతే."

వాళ్ళ నాన్న రాజేశం ఇరవై ఏళ్ళుగా గల్ఫ్‌లో బిల్డింగ్ పనులు చేస్తున్నాడు. వాళ్ళది తాతలనాటి నుంచి భూమి లేని కూలి కుటుంబం. ఆ ఇల్లు, ఇంటి ముందు జాగా అతను అక్కడ కష్టపడి ఇక్కడ సంపాదించుకున్నవే. అలాంటి మనిషిని ఒక్కరోజు కూర్చోబెట్టమని అడుగుతున్న కూతురికి కాదని ఎవరు చెబుతారు? నేను మరీ గొప్పగా ఒప్పుకున్నాను.

"మీ బాపే కాదు, మీ ఇంట్ల ఒక్కరు చెయ్యి కదిలియ్యరు. పూచీ నాది," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకు చాలా బాగుంది. ఇంటికి పోయి మా ఆవిడకు కూడా చెప్పాను. ఆమె, "పెండ్లింట్ల చెయ్యి కదిలియ్యక మరి ఏం చేస్తరు, సినిమా సూస్తరా?" అంది. నేను పట్టించుకోలేదు.

పనులన్నీ కాగితం మీద రాసుకుని నా మనుషులకు పంచాను. పసుపు దంచడానికి మనిషి, తోరణాలకు మనిషి, వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వడానికి మనిషి. పందిరికి ఇనుప ఫ్రేము, పైన తెల్లబట్ట, అంచులకు పూలు. నవ్య ఫోన్‌లో చూపించిన ఫొటోలో అట్లాగే ఉంది.

రాజేశం వచ్చాక ఆ కాగితం చూపించాను. ఎండకు కాగి నల్లబడ్డ మనిషి, మాట చాలా తక్కువ. అంతా విని ఒకటే అడిగాడు. "పందిరి కొమ్మలు మా పెద్దల్లుడు తెస్తడు గద?"

మా వైపు పెళ్ళింటి ముందు పచ్చని పందిరి వేయడం ఇంటి అల్లుళ్ళ పని. కొమ్మ కొట్టేదీ వాళ్ళే, కట్టేదీ వాళ్ళే. పెద్ద కూతురు లావణ్య భర్త మల్లేశం సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఒక్కడే ఆరు చూసుకుంటాడు.

"ఇప్పుడు కొమ్మలెందుకు? బట్ట వేస్తున్నం గద. పాపం ఆయన మూడు దినాల పని ఇడిచిపెట్టుకొని రావాలె," అన్నాను.

రాజేశం తల ఊపాడు. "అవు. ఆరు సాంచాలు ఆపుకోవాలె. వానికెందుకు తిప్పల," అన్నాడు.

ఇద్దరం అతని మీద దయతోనే అనుకున్నాం. ఆ సంగతి అతనికి నేను చెబుతానని రాజేశం అనుకున్నాడు, రాజేశం చెబుతాడని నేను అనుకున్నాను. ఎవరమూ చెప్పలేదు.

మేకల మాట

పెళ్ళి ఇంకా రెండు రోజులు. పొద్దున తొమ్మిదింటికి ఫ్రేము నిలబెట్టి తెల్లబట్ట కట్టడం అయిపోయింది. నేను నిచ్చెన మీద నిలబడి అంచులకు పూలు సరిచేస్తున్నాను. అప్పుడు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. వెనక నిండా నేరేడు కొమ్మలు, పైన వెదుర్లు, కొబ్బరితాడు చుట్టలు. కొమ్మల మీద నీళ్ళు చల్లుకుంటూ వచ్చినట్టున్నారు, ఇంకా కారుతున్నాయి. ముందునుంచి మల్లేశం దిగాడు. అతని సొంతూరు కొడిమ్యాల. అన్న పొలం గట్టు మీది నేరేడు చెట్లెక్కి తెల్లవారకముందు నుంచి కొట్టుకొచ్చాడట. చేతుల నిండా గీరుకుపోయిన గీతలు.

నేను నిచ్చెన దిగలేదు. పైనుంచే అన్నాను. "ఇవన్ని ఎందుకు తెచ్చినవయ్యా? ఆకులు రాల్తయ్, పురుగులు పడ్తయ్, తెల్లబట్ట ఖరాబైతది. పక్కకెయ్యి, మేకలన్న తింటయ్."

అక్కడున్న చుట్టాల్లో నలుగురైదుగురు నవ్వారు. నాకు మొదటినుంచీ నోటిదూల ఉంది. నలుగురు నవ్వితే ఇంకొంచెం పెరుగుతుంది.

మల్లేశం నన్ను చూడలేదు. మామ వైపు చూశాడు. రాజేశం నేను కూర్చోబెట్టిన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, అంతే. మల్లేశం భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని, ఆటో ఎక్కి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

వారం ముందే పుట్టింటికి వచ్చిన లావణ్య గుమ్మంలోంచి అంతా చూసింది. మధ్యాహ్నం ఆమెకు ఫోన్ వచ్చింది. "నువ్వు ఉండి పెండ్లి చేసుకొని రా. నేను రాను. ఇగ ఆ గడప తొక్క," అన్నాడట. ఆమె లోపలికి పోయి సంచీ సర్దుకుంది. తల్లి గంగవ్వ అడ్డం నిలబడితే, "ఆయన తొక్కని గడప నేనెట్ల తొక్కుదు అవ్వా? నేను ఇయ్యాల ఉంటె రేపు ఆయన మొకం ఎట్ల సూడాలె?" అని ఏడ్చుకుంటూనే బస్సెక్కింది.

నవ్య పసుపు బట్టలతో బయటికి వచ్చి నా ముందు నిలబడింది. అరిచి ఉంటే నేనూ ఏదో సమాధానం చెప్పేవాణ్ణి. ఆమె అరవలేదు.

"అవ్వకు ఆపరేషన్ అయినప్పుడు కరీంనగర్ల పదకొండు దినాలు మా బావనే ఉన్నడు సార్. ఈ ఇంటికి స్లాబ్ ఏసినప్పుడు నీళ్ళు కొట్టింది మా బావనే. నా చదువుకు హాస్టల్ల ఏసింది గూడ ఆయననే. బాపు లేనప్పుడు బాపు పనులన్ని ఆయన చేసిండు. ఇప్పుడు బాపు అచ్చిండని ఆయన మేకలకాడికి పోయిండు," అంది. తర్వాత, "కుమ్మరింటి నుంచి పెండ్లికి ఐరేని కుండలు ఎత్తుకచ్చేది మా అక్క. అక్క బావ లేకుంట నేను పీటల మీద కూసోను. నన్ను తిట్టినా సరే, కూసోను," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. మగపెళ్ళివారికి ఈ సంగతి తెలిస్తే రచ్చ అవుతుంది. ముహూర్తానికి నలభై ఎనిమిది గంటలు కూడా లేవు. నా ఇన్నేళ్ళ పేరు పోతుందన్న భయం నాకు కలిగింది, కాదనను. కానీ దానికన్నా ఎక్కువ బాధ వేరే. ఒక ఆడపిల్లకు పుట్టింటి గడప లేకుండా చేశాను, ఒక నవ్వు కోసం.

సిరిసిల్ల

మర్నాడు పొద్దున్నే రాజేశాన్ని నా కారులో ఎక్కించుకున్నాను. మొదట అతను రానన్నాడు. కోపంతో కాదు. "ఇరవై ఏండ్ల సంది అందరితోని ఫోన్లనె మాట్లాడిన సత్తన్నా. ఎదురుంగ నిలబడి ఏం మాట్లాడాల్నో నాకు తెల్వది," అన్నాడు. కథలాపూర్ దాటేదాకా అతని మాట అదొక్కటే. వేములవాడ దగ్గర మాత్రం, "వానికి నేను సెంటు సీసలు తెచ్చిన, వాచీ తెచ్చిన. వాడేమన్న అడిగిండా? ఎన్నడు ఏమడగలే," అని తనలో తాను అనుకున్నాడు.

సాంచాల షెడ్డులో చెవులు పగిలిపోయే మోత. మల్లేశం మమ్మల్ని చూశాడు. చూసి కూడా తెగిన పోగు అతుక్కుంటూ ఒక సాంచా నుంచి ఇంకో సాంచాకు తిరుగుతూనే ఉన్నాడు. రాజేశం అతని వెనకే నడిచాడు. ఏదో అంటున్నాడు, పెదవులు కదలడం నాకు కనబడుతోంది కానీ ఒక్క ముక్క వినబడదు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, అరవై ఏళ్ళ మామ అల్లుడి వెనక తిరుగుతున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. చూడడానికి కష్టంగా ఉంది.

మూడో మలుపులో మల్లేశం ఒక సాంచా ఆపాడు. తర్వాత ఇంకోటి. అట్లా ఆరూ ఆపాడు. పక్కవాళ్ళవి నడుస్తూనే ఉన్నాయి కానీ మాట వినబడే మాత్రం సందు దొరికింది.

"ఏమంటున్నవో మల్ల చెప్పు మామా," అన్నాడు.

రాజేశం మళ్ళీ మొదలుపెట్టాడు. "నీ పని పోతదని కొమ్మలు అద్దన్న అల్లుడా. నీ కోసమనే అన్న. నీకు చెప్పాలె, చెప్పలే. సత్తన్న గా మాట అన్నప్పుడు గూడ నేను లేచి కొట్లాడాలె. కొట్లాడలే. నా ఇల్లు నాకే కొత్తగున్నది. అండ్ల ఎవలు ఏం చేస్తరో నాకు తెల్వది. నీకే ఎరుక."

మల్లేశం నేల చూపులు చూస్తూ అన్నాడు. "చిన్నల్లుడు మంచి నౌకరోడు మామా. పెట్టిపోతలు మంచిగ పెడ్తడు. నేను బంగారం పెట్టలేను. నాకు అచ్చేది గీ పందిరొక్కటే. గది గూడ బయటోళ్ళు ఏస్తె నేను ఆడికి అచ్చి ఏం చెయ్యాలె? తినిపోవాల్నా?"

ఇక నేను ముందుకు నడిచాను. "మేకల మాట నాది మల్లేశం. మీ మామకు దాంతోని సంబంధం లేదు. తప్పైంది," అన్నాను. ఇంకా ఏవేవో అనుకుంటూ వచ్చాను దారి పొడుగునా, అవేవీ గుర్తు రాలేదు.

అతను నన్ను పైనుంచి కిందకు చూశాడు. "మీరన్నట్టే అయింది. కొమ్మలు మా అన్నోళ్ళ మేకలు తిన్నయ్," అన్నాడు. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. రాజేశం ఒక్కసారిగా నవ్వేశాడు. అల్లుడు కూడా నవ్వాడు, కొంచెం.

"మీకు పచ్చపందిరి కట్టస్తదా?" అని అడిగాడు నన్ను.

ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి నిజం చెప్పడానికి నామోషీ అనిపించింది. అయినా చెప్పాను. "రాదు."

"అయితె మీ ఇనుప పైపులు ఉండనియ్యుండ్రి. బట్ట తీసెయ్యుండ్రి. పగటీలి వరకు కొమ్మ కొట్టుకొని అస్త. మీరు ఎటూ పోకుండ్రి, అందిచ్చెటందుకు మనిషి గావాలె," అన్నాడు. సాంచాల యజమానికి ఫోన్ చేసి రెండు రోజులు రానని చెప్పి, షెడ్డు బయట నిలబడ్డ నా కారులోనే కొడిమ్యాల దాకా వచ్చాడు. లావణ్యను, ఆమె సంచీని దారిలో వాళ్ళింటి దగ్గర ఎక్కించుకున్నాం.

పందిరి కింద

ఆ మధ్యాహ్నం మూడింటి నుంచి నేను కొమ్మలందించాను. మల్లేశం పైన, నేను కింద. పచ్చపందిరి వేయడంలో ఒక పద్ధతుంది. కొమ్మ మొదలు పడమటికి, ఆకు తూర్పుకు. రెండో వరస దానికి అడ్డంగా. గాలి దూరేంత సందు ఉంచాలి, ఎండ దూరేంత ఉంచకూడదు. నేను ఒక కొమ్మ తిరగేసి ఇస్తే, "సారూ, అటు గాదు," అని రెండుసార్లు వెనక్కి ఇచ్చాడు. మూడోసారి సారూ అనలేదు.

పని మొదలయ్యాక ఇల్లంతా మారిపోయింది. అల్లుడు పందిరెక్కాడని తెలిసి మేనమామలు గుంజలకు మామిడాకులు కట్టడానికి వచ్చారు. వదినలు పసుపు రోలు నా మనిషి దగ్గర లాక్కున్నారు. "గిట్ల దంచితె పెండ్లినాటికి కాదు, సావుకు అందుతది," అని ఒకామె అతని మొహం మీదే అంది. సాయంత్రానికి నేను కాగితం మీద రాసిన పనుల్లో నా వాళ్ళ చేతిలో మిగిలింది వంట ఒక్కటే. మా వాళ్ళు నీడకు కూర్చుని పేకాట మొదలుపెట్టారు. నేను వాళ్ళను ఏమీ అనలేదు.

పెళ్ళి రోజు పొద్దున లావణ్య ఐరేని కుండలు తెచ్చింది. డప్పుల ముందు నడుస్తూ అక్క రావడం చూసి నవ్య ఏడ్చింది. అప్పటిదాకా ఆమె కళ్ళలో నేను తడి చూడలేదు. పొలానికి మందు కొట్టే పంపుతో మల్లేశం అరగంటకోసారి పందిరి మీద నీళ్ళు కొట్టాడు. పదకొండింటికి బయట రోడ్డు మీద తారు మెత్తబడింది కానీ, పందిరి కింద ముసలివాళ్ళు కండువాలు తీయకుండా కూర్చున్నారు. నా తెల్లబట్ట కింద అయితే ఆ వేళకు ఉడికిపోయేవాళ్ళు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఫొటోలో బాగుంటుందని తెలిసి తెలిసీ వేశాను. ఇది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

రాజేశం కుర్చీలో కూర్చున్నాడా అంటే, కన్యాదానానికి పీట మీద కూర్చున్నాడు. తాళి కట్టేటప్పుడు కదలకుండా కూతుర్నే చూశాడు. అది అయిన మరుక్షణం లేచి రంజన్ దగ్గర నిలబడి అందరికీ నీళ్ళు పోశాడు. ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, వాళ్ళ ఊరు అడిగి, పిల్లలను అడిగి పోశాడు. నేను నవ్య దగ్గరికి పోయి, "మీ బాపును కూసోబెట్టలేకపోయిన బిడ్డా," అన్నాను. ఆమె ఆయన్నే చూస్తూ, "ఉండనియ్యుండ్రి సార్. గిప్పుడు ఇంటాయన లెక్క ఉన్నడు," అంది.

ఆ తర్వాత నేను ఇంకా ఆరేళ్ళు ఈ పని చేశాను. ఎవరు వచ్చి ఇంటి దగ్గర, మనవాళ్ళ వరకే, హాయిగా పెళ్ళి కావాలన్నా మొదట ఎండ గురించి అడగలేదు, ఎంతమంది వస్తారని అడగలేదు. మీ ఇంట్లో ఏ పని ఎవరిది అని అడిగేవాణ్ణి. కొమ్మ ఎవరు తేవాలి, కుండ ఎవరు ఎత్తాలి, అన్నం మొదట ఎవరు వడ్డించాలి, ఎవరు అలుగుతారు, అలిగితే ఎవరు పిలవాలి. వాళ్ళు చెప్పింది రాసుకుని, వాటి జోలికి పోకుండా మిగతావి మాత్రమే చేసేవాణ్ణి. కొంతమంది, "మరి నీకు పైసలెందుకయ్యా ఇయ్యాలె?" అని వేరేవాళ్ళ దగ్గరికి పోయారు. పోనీ. అందరికీ ఇది నచ్చదు. పని మీద పడకుండా పెళ్ళి చూడాలనుకునే ఇళ్ళు కూడా ఉంటాయి, వాళ్ళను తప్పు పట్టకండి. కానీ అడగకుండా ఎవరి చేతిలోంచీ పని తీసుకోకండి. సిరిసిల్ల నుంచి వచ్చినామెకు నేను చెప్పకుండా దాచిన సగం ఇదే.

ఆ రోజు అప్పగింతలయ్యాయి. నవ్య కారెక్కి వెళ్ళింది. పందిరి కింద గంగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మల్లేశం తాళ్ళు వదులయ్యాయేమోనని గుంజలన్నీ ఒక్కొక్కటే పట్టి చూస్తున్నాడు. రాజేశం అతని వెనకే నడుస్తున్నాడు.

"పదారు దినాల పండుగకు నేను ఉండ అల్లుడా. పదో దినం నా ఫ్లైటు," అన్నాడు.

"నేనుంట గద మామా. ఆ పొద్దు పందిరి నేనే ఇప్పుత," అన్నాడు మల్లేశం. తర్వాత అత్త వైపు తిరిగి, "అత్తా, అప్పటిదాక దీని మీద ఎవల్నీ చెయ్యి ఎయ్యనియ్యకు," అన్నాడు.

ఎవల్నీ అన్నప్పుడు నా వైపు చూశాడు. నా ఇనుప పైపులన్నీ ఆ కొమ్మల కిందే ఉన్నాయి. సరే అన్నాను.